నాచులో పండుగప్పల్ని వెతికిన పద్దెనిమిది రోజులు

ముప్పై ఎనిమిదేళ్లు చేపల లెక్కలు కట్టాను. ఇరవై నాలుగేళ్లు ఆంధ్రాలో, పద్నాలుగేళ్లు దుబాయ్‌లో. 2023 మార్చి 31, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకి పని మానేశాను. నా దగ్గర అరవై ఒక్క నోట్‌బుక్కులున్నాయి, అన్నిటికీ పేజీ నంబర్లు వేసి ఉన్నాయి.

మా దుబాయ్ ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు మొన్న ఫోన్ చేసి, ఈ పని ఎలా ఉంటుందో రాసి ఇవ్వమన్నారు. ఫారాలు ఎలా నింపాలో, పర్మిట్‌కి ఎక్కడికి వెళ్లాలో ఆఫీసు వాళ్లే చెబుతారు. ఆ పనులు రెండు వారాల్లో వచ్చేస్తాయి. నేను రాసేది వేరు.

తోటల్లో చెరువులున్నవాళ్లు, హోటళ్ల వాళ్లు, విల్లాల మధ్య కృత్రిమ సరస్సులు కట్టుకున్నవాళ్లు మమ్మల్ని పిలిచి అడిగే ప్రశ్న ఒక్కటే: చేపలు ఎన్ని ఉన్నాయి? మనకి జీతం వచ్చేది ఆ ప్రశ్నకే. అవి ఎక్కడ ఉన్నాయని ఎవరూ అడగరు. మనకి మనమే అడుక్కోవాలి. అది అడగకుండా కట్టిన లెక్క ఎంత శుభ్రంగా ఉన్నా చెత్త కింద లెక్క. ఈ ముక్క నాకు ముప్పై ఆరో ఏట తెలిసింది, వయసులో కాదు, సర్వీసులో.

చెప్పులు తడుస్తాయని భయమా

నా మొదటి పై అధికారి కైకలూరులో ఉండేవారు. పేరు రాయను, ఆయనకి ఇష్టముండదు. కొల్లేటి సర్వే రిపోర్టు తీసుకెళ్లి ఇస్తే మొదటి పేజీ చూసేవారు కాదు. వెనక నుంచి తిప్పి పటం తీసేవారు. వల వేసిన ప్రతి చోటా చుక్క పెట్టాలని ఆయన నియమం. చుక్కలన్నీ గట్టు పక్కనే ఉంటే కళ్లద్దాల పైనుంచి చూసి, "ఏమ్మా, చెప్పులు తడుస్తాయని భయమా?" అనేవారు.

వలలో పడినవి వల వేసిన చోటు గురించే చెబుతాయని, చెరువు మొత్తం గురించి చెప్పవని ఆయన పాఠం. ఆ పాఠాన్ని నేను తర్వాత ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నేను లెక్కపెట్టకుండా వదిలేసిన కొద్దివాటిలో అదొకటి. ఎదుటివాళ్లకి ఎక్కువగా చెప్పే మాటని మనం మనకోసం వినడం మానేస్తామని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఫిబ్రవరి 9, మంగళవారం

2021. ఫుజైరా దాటి కల్బా వైపు వెళ్తూ కొండల్లోకి తిరిగితే ఒక ఖర్జూరపు తోట. దాని పైభాగాన వాన నీరు ఆగడానికి ఎప్పుడో వేసిన రాతి కట్ట, కట్ట వెనక చెరువు. వానలు లేని ఏడు బోరు నీళ్లతో నింపుతారు. పొడవు 220 మీటర్లు, వెడల్పు 90. మూలలు తీసేస్తే నాలుగున్నర ఎకరాలు.

తోట యజమానిని అక్కడందరూ అర్బాబ్ అంటారు. పెద్దాయన. మనవలతో కూర్చుని గాలం వేసుకోవాలన్న సరదాతో 2019 నవంబరులో 1,200 పండుగప్ప పిల్లల్ని వదిలించాడు. గోదావరి జిల్లాల వాళ్లకి పండుగప్ప అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మిగతావాళ్ల కోసం రాస్తున్నాను: సముద్రంలో పుట్టి మంచినీళ్లలో పెరగగల చేప. వేటాడి తింటుంది. కానీ వెంటపడి వేటాడదు, నీడలో కాచుకుని కూర్చుంటుంది. ఎదుటికి చిన్నచేప వస్తే నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది. నీటి పైపొరలో అలా మింగితే టప్‌మని బోలు చప్పుడు వస్తుంది.

చేపల్ని వదిలాక కరోనా వచ్చింది. ఏడాదిపాటు అర్బాబ్ కుటుంబం అటు రాలేదు. వచ్చేసరికి చెరువులో పది భాగాలకి ఏడు భాగాలు నాచు, ఉత్తరపు ఒడ్డున నిలువెత్తు జమ్ము. మూడు రోజులు గాలం వేస్తే ఒక్క పండుగప్ప పడలేదు. చేపలన్నీ కల్బా మార్కెట్‌కి వెళ్లిపోయాయని తోట సూపర్‌వైజరు తేల్చేశాడు. తీసుకెళ్లింది ఎవరని అడిగితే చెరువు కాపలా మస్తాన్‌ని చూపించాడు. నిజం తేల్చడానికి మా ఆఫీసుని పిలిచారు.

మస్తాన్‌ది కావలి దగ్గర పల్లె. నలభై ఆరేళ్లు. గల్ఫ్‌కి వచ్చి పద్దెనిమిదేళ్లయింది. పదకొండేళ్లుగా ఈ తోటలోనే ఉన్నాడు. చెరువు పక్కన పంపు గదిలోనే మంచం వేసుకుని ఉంటాడు. పొద్దున అయిదింటికి బోరు వేసి ఎనిమిదింటికి ఆపుతాడు.

మేం దుబాయ్ నుంచి బయల్దేరి చేరేసరికి పదకొండు. నాతో వచ్చిన ఇద్దరు విసురు వల వేయడం మొదలుపెట్టారు. నేను గొడుగు కింద కుర్చీ వేసుకుని రాస్తున్నాను. మస్తాన్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"మేడమ్, ఆడ కాదు. పండుగప్పలు గడ్డిలో ఉండాయి." నాచుని అతను గడ్డి అంటాడు.

"చూశావా?"

"చూళ్ళా. తెల్లారేటప్పుడు వింటా ఉంటా. జమ్ము పక్కన టప్ టప్ మంటా ఉంటాయి."

"చప్పుడు లెక్కలోకి రాదు మస్తాన్."

"ఎన్ని ఉండాయని నేను చెప్పలా మేడమ్. ఉండాయని చెప్తా ఉండా."

అలవాటు కొద్దీ రాసుకున్నాను: "11:20. కాపలాదారు: చేపలు నాచులో ఉన్నాయి, తెల్లవారుజామున చప్పుడు." రాసిన వెంటనే స్కేలు పెట్టి కొట్టేశాను. నేరం ఎవరి మీద ఉందో అతని మాట సాక్ష్యం కాదని అనుకున్నాను. ఆ గీత ఇప్పటికీ తిన్నగా ఉంది.

నలభై సార్లు వల వేశాం. 61 తిలాపియాలు పడ్డాయి. పండుగప్ప సున్నా. గురువారం, 11వ తేదీన రిపోర్టు పంపించాను: చెరువులో పండుగప్పలు దాదాపు లేవు.

దొండకాయలు తరుగుతుంటే వచ్చిన ఫోను

ఆదివారం, 14వ తేదీ, సాయంత్రం ఆరు దాటింది. ఇంటర్నేషనల్ సిటీలో మా ఫ్లాటులో దొండకాయలు తరుగుతున్నాను.

"మేడమ్, నేను మస్తాన్‌ని. కల్బా తోట."

"చెప్పు."

"సూపర్‌వైజరు మీ కాగితం చూపించినాడు. ఇరవై ఎనిమిదికి వీసా కాన్సిల్ అంట."

కత్తి పక్కన పెట్టాను.

"బతిమాలేదానికి చెయ్యలా మేడమ్. పని పోతే పోనీ, ఊళ్లో ఏదో ఒకటి చేసుకుంటా. పద్దెనిమిదేళ్లు ఈడ ఉండి, చేపల దొంగ అని పేరు పెట్టించుకోని విమానం ఎక్కాలంటే కాళ్లు రావడంలా. ఒక్కటే అడుగుతా. మీరు గడ్డిలో వల ఎందుకెయ్యలా?"

"గడ్డిలో వల విచ్చుకోదు మస్తాన్."

"మరి గడ్డిలో లేవని ఎట్ట రాసినారు?"

ఫోను పెట్టేశాక పటం తీశాను. నలభై చుక్కలు. నలభైకి నలభై తేట నీళ్లలో, కట్టకి దగ్గరగా. నా మొదటి అధికారి ఉంటే చెప్పుల సంగతి అడిగి ఉండేవారు.

కూడికల్లో తప్పు లేదు. ఆ రాత్రి మూడుసార్లు సరిచూశాను. చెరువులో మూడు భాగాలు చూసి పది భాగాల మీద తీర్పు రాశాను, తప్పు అక్కడుంది. లెక్క సరిగ్గా ఉంటే నిజం కూడా సరిగ్గానే ఉంటుందనే నమ్మకం నాలాంటి వాళ్ల జబ్బు. లెక్కలు రానివాళ్లు ఈ తప్పు చెయ్యరు.

ఫిరోజ్ గారు

నా ముదీర్, అంటే మేనేజరు, ఫిరోజ్ హైదరాబాద్ మనిషి. నాకంటే పదిహేనేళ్లు చిన్న. సోమవారం పొద్దున్నే ఆయన గదికి వెళ్లి సంగతి చెప్పాను.

"రిపోర్ట్ పోయింది మేడమ్. ఖలాస్. మళ్ల తెరిస్తే క్లయింట్ ఏమంటడు? పోయిన వారం లేవన్నరు, ఈ వారం ఉన్నయంటున్నరు, చేపలు బస్సెక్కి వచ్చినయా అంటడు."

"అక్కడే ఉండి ఉంటాయి. నేనే అటు చూడలేదు."

"ఉండి ఉంటయా, ఉన్నయా?"

"తెలీదు."

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. "ఆరేండ్లల్ల మీ నోటెంట ఆ మాట ఇదే ఫస్టు ఇన్న."

క్యాలెండరు చూసి, "శుక్రవారం, శనివారం సెలవులు మీయి. బండి తీస్కపోండ్రి. ఏమన్న దొరికితే నాకు చెప్పుండ్రి. దొరక్కపోతే మీరు పోయిన సంగతి నాకు తెల్వది," అన్నాడు.

ఈ పద్ధతి మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి. ఆఫీసు పేరు కాపాడుకోవడానికి ఒక మనిషిని వదులుకోవడానికి ఆయన సిద్ధపడ్డాడు. అది బాగోలేదు. కానీ తలుపు పూర్తిగా మూయలేదు. నేను చూసిన పై అధికారుల్లో ఆ పాటి చేసినవాళ్లు కూడా తక్కువే.

బోన్లు ఎక్కడ పెట్టాలి

గురువారం, 18వ తేదీ, పూట సెలవు పెట్టి సాయంత్రం నాలుగింటికి తోటకి చేరాను. వస్తున్నానని ముందే ఫోను చేస్తే, మస్తాన్ కల్బా జాలర్ల దగ్గర ఆరు గర్గూర్లు అడిగి తెచ్చాడు. గర్గూర్ అంటే సముద్రంలో వాడే ఇనుప తీగ బోను, బోర్లించిన గంపలా ఉంటుంది. లోపలికి సన్నబడే గరాటు మూతి. దూరిన చేప బయటికి రాలేదు. నాకు చూడగానే కొల్లేటి మావులు గుర్తొచ్చాయి. అవి వెదురు పుల్లలవి, ఇది ఇనుముది. ఆలోచన ఒక్కటే.

మస్తాన్ వాటిని నాచు మధ్యలో ముంచుదామన్నాడు. నేను వద్దన్నాను. చుట్టూ నాచే ఉన్నప్పుడు చేప మన బోనులోకి ఎందుకు వస్తుంది? దానికి దారి కావాలి. కొల్లేట్లో కిక్కిస గడ్డి మధ్య సన్నటి దారులు కోసి, దారి చివర మావు పెడతారు, మూతి గడ్డి వైపు. చేప గడ్డిలోంచి తేట నీళ్లలోకి వచ్చేటప్పుడు దారి పట్టుకునే వస్తుంది.

మస్తాన్ నడుం లోతు నీళ్లలో దిగి కొడవలితో కోశాడు. మీటరు వెడల్పున ఆరు దారులు. నేను గట్టు మీద ఒక్కో దారికీ నంబరు వేసి, పొడవు రాసుకుంటున్నాను.

"మీ చేతిలో పెన్ను, నా చేతిలో కొడవలి," అన్నాడు తల ఎత్తకుండా. "ఏది ముందు అరుగుతాదో చూద్దాం."

"పెన్నే. నేను రెండోసారి రాయాలిగా."

"ఈసారి స్కేలు తేలేదు కదా మేడమ్?"

ఆ రోజు నేను కొట్టేస్తుంటే చూశాడన్నమాట.

చెరువుని వినడం

ఆ రాత్రి ఫుజైరాలో హోటల్లో ఉండి, శుక్రవారం పొద్దున ఆరింటికి ముందే చెరువు దగ్గరికి వచ్చాను. ఉత్తరపు ఒడ్డున బోరు నీళ్లు పడే గొట్టం ఉంది. మస్తాన్ అక్కడే రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేశాడు. ఆరు అయిదుకి వినడం మొదలుపెట్టాం.

మొదటి పావుగంట పంపు హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత, జమ్ము మొదట్లో, టప్. కాసేపటికి ఇంకోటి. చిన్నప్పుడు మా మేనమామ పడవలో విన్న చప్పుడే. పుట్టి పెరిగిన చోట పదేళ్ల పిల్లకి తెలిసిన సంగతిని, యంత్రాలూ పట్టాలూ ఉన్న మనిషినై ఉండి కొట్టేశాను. 7:15 దాకా 83 చప్పుళ్లు లెక్కపెట్టాను. అందులో 71 గొట్టానికి పదిహేను మీటర్ల లోపలే.

అక్కడే ఎందుకు? నాకు ఆసక్తి పట్టుకుంది. మస్తాన్ సంగతి, ఇరవై ఎనిమిదో తేదీ సంగతి అరగంటసేపు నిజంగా మర్చిపోయాను. చిన్న పడవలో వెళ్లి కొలిచాను. నాచు నడిమధ్యన నీటి వేడి 17 డిగ్రీలు. ప్రాణవాయువు లీటరుకి 1.8 మిల్లీగ్రాములు, అంటే చేపకి ఊపిరాడనంత తక్కువ. గొట్టం దగ్గర 22 డిగ్రీలు, ప్రాణవాయువు 5.1.

అప్పుడు చెరువు మొత్తం అర్థమైంది. నాచు పగలు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, చీకటి పడ్డాక తనే తీసుకుంటుంది. తెల్లవారేసరికి లోపల గాలి ఉండదు. పైగా చలి. పండుగప్ప చలికి తట్టుకోలేదు. అందుకని నాచులోంచి ఉత్తరపు అంచుకి వస్తాయి. అక్కడ భూమిలోంచి వచ్చే గోరువెచ్చటి బోరు నీళ్లు పడతాయి, పడేటప్పుడు గాలి కలుపుకుంటాయి. చిన్న తిలాపియాలు కూడా అక్కడే చేరతాయి కాబట్టి తిండి కూడా అక్కడే. ఎనిమిదింటికి మస్తాన్ పంపు ఆపుతాడు. అప్పటికి ఎండ ఎక్కి నాచు మళ్లీ గాలి ఇస్తుంటుంది. చేపలు లోపలికి, నీడలోకి వెళ్లిపోతాయి. పదకొండింటికి నేను వచ్చి తేట నీళ్లలో వల వేయించాను.

మీరు నాచు పట్టిన చెరువుకి వెళ్తే దాన్ని ఒకే పచ్చటి ముద్దగా చూడకండి. అందులో అంచులుంటాయి, సందులుంటాయి, పైన కప్పు ఉండి కింద ఖాళీగా ఉన్న గదులుంటాయి. వేటాడే చేప ఎప్పుడూ గుమ్మం దగ్గర ఉంటుంది. ఏ గుమ్మం అన్నది గంట గంటకీ మారుతుంది. దాన్ని కనిపెట్టడానికి ఒక రోజంతా అక్కడుండాలి, లేదా అక్కడే ఉంటున్న మనిషిని అడగాలి. అడిగాక నమ్మాలి కూడా.

బోన్లు ఎత్తాం. దక్షిణాన పెట్టిన రెండిట్లో తిలాపియాలే. గొట్టం పక్కన దారుల్లో పెట్టిన వాటిని మస్తాన్ ఒక్కడే ఎత్తలేకపోయాడు. నేనూ నీళ్లలో దిగాను, చెప్పులతోనే. మొత్తం 17 పండుగప్పలు. మస్తాన్ ఒకదాన్ని రెండు చేతులతో పట్టుకుని, దాని ముఖంలోకి చూసి, "ఏడికి పోయినావు నాయనా, నన్ను దొంగని చేసి," అన్నాడు.

26వ తేదీ లెక్క

పదిహేడు చేపలు పన్నెండువందలు కావు. ఈసారి తొందరపడదలచుకోలేదు. ఒక్కో చేపకీ పొట్ట కింది రెక్క కొస కొద్దిగా కత్తిరించి వదిలేశాం. శనివారం ఇంకో 21 పట్టి అలాగే వదిలాం. మొత్తం 38 గుర్తు పెట్టిన చేపలు. వారం ఆగి, శుక్రవారం 26న, ఆరు బోన్లూ ఉత్తరపు ఒడ్డునే పెట్టి మళ్లీ పట్టాం. 42 పడ్డాయి. వాటిలో గుర్తున్నవి రెండు.

38ని 42తో గుణించి రెండుతో భాగిస్తే 798. రెండుకి బదులు మూడు దొరికి ఉంటే 532. ఒకటే దొరికితే 1,596, అంటే వదిలినవాటికంటే ఎక్కువ. కాబట్టి 798ని నేను గట్టిగా నమ్మను. ఉన్నవి వందల్లో ఉన్నాయన్నది నమ్ముతాను. ఏడాదిలో కొన్ని చచ్చిపోతాయి, కొన్నిటిని కొంగలు తింటాయి. దొంగతనం జరిగిందనడానికి ఆ చెరువులో ఏ ఆధారమూ లేదు.

మేం కబురు చేస్తే ఆ పొద్దున ఏడింటికి అర్బాబ్ వచ్చాడు, వెనక సూపర్‌వైజరు. మాస్కుల మీంచి కళ్లే కనబడుతున్నాయి. మాటలన్నీ హిందీలో నడిచాయి. మస్తాన్ కిలో తొమ్మిది వందల గ్రాముల చేపని ఎత్తి చూపించాడు.

"మరి మూడు రోజులు గాలం వేస్తే ఎందుకు పడలేదు?" అన్నాడు సూపర్‌వైజరు.

"మీరు పదకొండింటికి వచ్చి గొడుగు కింద కూర్చున్నారు సార్," అన్నాడు మస్తాన్. "అవి కూడా వాటి గొడుగు కిందే కూర్చున్నాయి."

అర్బాబ్ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ గొడుగు కింద నేనూ కూర్చున్నాను. ఆయన నా వైపు తిరిగి, మొదటి కాగితం సంగతేమిటని అడిగాడు.

"అది తప్పు. రాసింది నేనే. ఇతను ఆ రోజే చెప్పాడు, నేను వినలేదు."

పెద్దాయన వంగి బోనులోని చేపల్ని చూశాడు. తర్వాత సూపర్‌వైజరుతో, కాన్సిల్ ఆపమని ఒక్క మాట అన్నాడు. మస్తాన్ భుజం మీద చెయ్యి వేసి, రేపు తెల్లవారి మనవలతో వస్తానని, ఎక్కడ కూర్చోవాలో నువ్వే చూపించమని చెప్పి వెళ్లిపోయాడు. సూపర్‌వైజరు క్షమాపణ చెప్పలేదు. మస్తాన్ కూడా దాని కోసం చూడలేదు.

రెండో రిపోర్టు

ఆదివారం, 28వ తేదీన, రెండో రిపోర్టు ఫిరోజ్ ముందు పెట్టాను. చివరి పేరా దగ్గర ఆగాడు.

"కాపలాదారు పేరు రిపోర్టుల ఎందుకు మేడమ్?"

"మొదటి రిపోర్టు వల్ల పోయింది అతని పేరే కాబట్టి."

ఆయన ఇంకోసారి చదివి సంతకం పెట్టాడు. ఆ ఆఫీసులో మా కాగితాల మీద పంపు వేసే మనిషి పేరు రావడం అదే మొదలు.

మార్చి 5, శుక్రవారం, ఒక ప్రతి తీసుకుని తోటకి వెళ్లాను. మస్తాన్ చేతులు తుడుచుకుని రెండు చేతులతో అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేశాడు.

"ఇంగ్లీషు నాకు రాదు మేడమ్. నాది ఏడుంటే ఆడ తెలుగులో సదవండి."

చివరి పేరా తెలుగులో చదివాను. "పండుగప్పలు నాచులో ఉన్నాయని మొదట తెలిపినది చెరువు కాపలాదారు మస్తాన్, ఫిబ్రవరి 9, ఉదయం 11:20కి. సర్వే చేసిన అధికారి ఆ మాటని రాసుకుని, కొట్టివేశారు."

"కొట్టేసింది కూడా రాసినారా?"

"రాశాను."

పంపు ఆగి ఉంది. చెరువు మీద ఎండ పడుతోంది. చేపలన్నీ లోపలికి వెళ్లిపోయి ఉంటాయి. మస్తాన్ నా చేతిలో కాగితం మీదికి వంగాడు.

"టైము ఎంతన్నారు?"

"పదకొండు ఇరవై."

"ఆడ్నించి ఇంకోసారి సదవండి," అన్నాడు.

చదివాను.